పన్నెండు వారాల గీత

ఇరవై నాలుగేళ్ళు వచ్చినా నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాలేదు. చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా నా కాలు ఆడుతూనే ఉండేది. అమ్మ కళ్ళు మూసుకునే నా తొడ మీద గిల్లేది. లెక్కల్లో డిగ్రీ చేసి, శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్న రోజులవి. 1996 వానాకాలం. బాపు గగన్‌పహాడ్‌లో ఒక నూనె మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఇంట్లో మేం ముగ్గురమే. బడి నాలుగింటికి అయిపోయేది. ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఏం చెయ్యాలో తోచేది కాదు. బస్టాండుదాకా నడిచేదాన్ని, ఏ బస్సూ ఎక్కకుండానే తిరిగి వచ్చేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"స్టేషన్ దిక్కు ఇంజనీర్ సార్ ఇల్లుంది గద, గాయనకు గ్రాఫులు గీసే మనిషి కావాల్నట. నువ్వు లెక్కలు చదివినవు. జర పోయి అడగరాదు బిడ్డా" అంది.

నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తున్నారు. అరవై దాటిన మనిషి. పాతికేళ్ళు సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, ఊరికి దూరంగా ప్రశాంతంగా ఉంటుందని ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. భార్యాభర్తలది కోస్తా. పిల్లలు లేరు. ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. అది నాకు కనబడకూడదని ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని ఉన్నారు.

"తిన్నగా గీత గియ్యగలవా అమ్మాయ్?"

"గీస్తా సార్. స్కేల్ ఉన్నదా?"

"స్కేలు లేకుండా గియ్యి, చూస్తాను."

ఇచ్చిన కాగితం మీద ఒక గీత గీశాను. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. "నేనూ ఇలాగే గీసేవాణ్ణి" అన్నారు. అంతే, నన్ను పనిలోకి తీసుకున్నట్టు.

పని ఏమిటో ఆ సాయంత్రమే చెప్పారు. ఓడలమీద ఉన్న రోజుల్లో, అక్కడి జీతంలోంచి ఆయన ఒక విదేశీ ఫండులో డబ్బు పెట్టారు. జపాన్, మలేషియా, ఇటలీ, నార్వే వంటి దేశాల్లో, పేరు కూడా ఎవరూ విననంత చిన్న కంపెనీల షేర్లు కొనే ఫండు అది. తిరిగొచ్చాక కూడా దాన్ని ఉంచుకోవడానికి కావలసిన అనుమతులు ఉన్నాయి. ఈ ఇల్లు కాక వాళ్ళిద్దరికీ ఉన్న ఆధారం అదొక్కటే. సింగపూర్‌లో ఉండే ఆయన పాత స్నేహితుడు ప్రతి శనివారం ఆ వారం ధరలు ఫ్యాక్స్‌లో పంపేవాడు. బస్టాండు పక్కనున్న ఎస్.టి.డి. బూతులో దాన్ని తీసుకుని, లెక్క కట్టి, గ్రాఫు మీద ఎక్కించాలి.

"ధర ఎంతో తెలుసుకోవడం ఎవరికైనా చేతనవును" అన్నారాయన. "ఓడ ఇంజను ఆపేస్తే ఓడ వెంటనే ఆగదమ్మా. చాలా దూరం ముందుకు పోతూనే ఉంటుంది. ఒడ్డున నిలబడి చూసేవాడికి అది ఇంకా ముందుకే పోతున్నట్టుంటుంది. కాని వేగం అప్పటికే చచ్చిపోతుంటుంది. నాకు కావలసింది ఆ వేగం. దాన్నే మొమెంటమ్ అంటారు."

లెక్క పెద్దదేం కాదు. ఈ వారం ధరను పన్నెండు వారాల కిందటి ధరతో భాగించి, వందతో గుణించాలి. వచ్చిన అంకె నూటికి పైన ఉంటే ఫండు ముందుకు పోతున్నట్టు, కింద ఉంటే వెనక్కి పోతున్నట్టు. దాన్ని ఎర్ర పెన్సిలుతో గియ్యాలి. ఆ దేశాల్లోని పెద్ద కంపెనీల ఫండు ఒకటుంది, దానికీ అదే లెక్క కట్టి నీలం పెన్సిలుతో గియ్యాలి. "చిన్నవి పెద్దవాటికంటే చురుగ్గా పోతున్నాయా లేదా చూడాలి. రెండూ ఒకేలా నడిస్తే ఇంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవడం దేనికి?" అనేవారు. వీటికి తోడు నలభై వారాల సగటు ధర, ఆకుపచ్చ.

ఆయన చెప్పగా నేనే ఒక అట్టముక్క మీద నియమం రాసి గోడకు అంటించాను: ఎర్ర గీత వరసగా రెండు వారాలు నూటికి కింద ఉంటే అమ్మెయ్యాలి.

నాకా పని ఎంత నచ్చిందంటే, శనివారం కోసం సోమవారం నుంచే ఎదురుచూసేదాన్ని. బూతు నడిపే అన్న నన్ను దూరంనుంచే చూసి చెయ్యూపేవాడు. "చెల్లే, మీ సార్ కాయితం వచ్చింది, ఇంక యేడిగనే ఉన్నది" అనేవాడు. ఆ ఫ్యాక్స్ కాగితం నున్నగా, చుట్టలు చుట్టుకుపోతూ ఉండేది. ఎండ తగిలితే అక్షరాలు వెలిసిపోతాయని సంచిలో పెట్టుకుని దాదాపు పరుగెత్తేదాన్ని. వరండాలో ఆయన నడుస్తూ ఉండేవారు. నేను గేటు తియ్యకముందే "ఎంత?" అని అడిగేవారు. కూర్చుని లెక్క కట్టేదాకా ఆగలేకపోయేవారు. నేనూ అంతే. నడుస్తూ నడుస్తూనే మనసులో భాగహారం చేసుకునేదాన్ని. ఆ ఇంట్లో నిదానం ఉన్నది ఆయన భార్య ఒక్కదానికే. ఆమెను ఆంటీ అని పిలిచేదాన్ని. ఆమె మా గ్రాఫు వంక ఎప్పుడూ చూసేది కాదు. టీ తెచ్చి బల్లమీద పెట్టి, కాగితాలకు తగలకుండా కప్పులు జరిపి వెళ్ళిపోయేది.

1997 ఎండాకాలం దాకా బాగానే నడిచింది. ధర పెరుగుతూ వచ్చింది. అయితే వానలు మొదలయ్యే ముందు ఒక శనివారం గీత కలుపుతూ నేను పెన్సిలు ఆపేశాను. ధర అప్పటిదాకా ఎన్నడూ లేనంత ఎత్తులో ఉంది. ఎర్ర గీత మాత్రం కిందటి నెలకంటే కిందుంది. నీలం గీత దాన్ని దాటి పైకి వెళ్ళింది.

"చూశావా?" అన్నారాయన గొంతు తగ్గించి. "ఇంజను ఆగింది."

ఆ రోజునుంచి ఆయనకు స్థిమితం లేదు. వారానికొక అంకె చాలలేదు. సింగపూర్‌కు ఫోన్లు చేసేవారు. బడి జరుగుతుండగా నాకు కబురు పంపేవారు. ఆగస్టులో తూర్పు దేశాల కరెన్సీలు ఒకటొకటిగా కూలుతున్నాయని ఆయన పేపరు చదివి వినిపిస్తుంటే పేపరే వణికేది. ఫండు అప్పటికింకా నూటికి పైనే ఉంది, కొంచెం పైన. ఒకరోజు పొద్దున స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయారు. దవాఖానలో బీపీ చూసిన డాక్టరు, కొన్నాళ్ళు ఏ ఆందోళనా పెట్టుకోవద్దని గట్టిగా చెప్పి పంపాడట.

ఆ వారం ఆంటీ గేటు బయటే నన్ను ఆపింది. అప్పటిదాకా ఆమె నాతో టీ గురించి తప్ప మాట్లాడలేదు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, కాదనకు. ఓ మూడు వారాలు ఆ కాగితం రాలేదని చెప్పు. మిషను పాడయిందని చెప్పు. సింగపూరు ఫోన్లు కూడా నేను చూసుకుంటాను. ఆయన మనిషి కుదుటపడ్డాక చూసుకోవచ్చు."

"సార్‌కు తెలిస్తే ఎట్ల ఆంటీ?"

"తెలిస్తే నేనడిగానని నేను చెబుతాను. ఆ గీతల కంటే నాకు ఆయన ముఖ్యం."

నేను సరేనన్నాను. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కాని అంతా కాదు. ఆయన వరండాలో నడిచే నడక, ఆ "ఎంత?" అన్న ప్రశ్న నన్ను కూడా భయపెట్టడం మొదలుపెట్టాయి. చెడ్డ అంకె మోసుకెళ్ళే పని తప్పిందని లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాను.

మొదటి శనివారం ఉత్త చేతులతో వెళ్ళి, "బూతుల మిషన్ ఖరాబైందట సార్" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి, "సరే, బాగుచేస్తాడులే" అన్నారు. కాగితం మాత్రం నా సంచిలోనే ఉంది. ఇంటికొచ్చి, బడి పిల్లల గ్రాఫు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, నా కోసం నేను లెక్క కట్టాను. తొంభై ఎనిమిది.

ఆ వారమంతా నేనేం చేశానో నాకే తెలియదు. ఎక్కాలు తప్పు చెప్పి పిల్లలచేత దిద్దించుకున్నాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. వచ్చే శనివారం అది నూరు దాటితే చాలు, నియమం వర్తించదు, నా తప్పు మాసిపోతుంది అని ప్రార్థన కూడా చేశాను. మలేషియాలోని ముక్కూమొహం తెలియని కంపెనీల కోసం ప్రార్థన చేసిన మనిషి మా చర్చిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రెండో శనివారం తొంభై ఐదు.

వరసగా రెండు వారాలు. అట్టముక్క మీద నా చేతిరాతతో ఉన్న మాట ఇప్పుడు చెయ్యవలసిన పని అయింది. అది తెలిసిన మనిషిని నేను, చెయ్యవలసిన మనిషి ఆయన. ఆ మధ్యాహ్నం కూడా వెళ్ళి, మిషను ఇంకా బాగు కాలేదనే చెప్పి వచ్చేశాను. మూడో వారం మధ్యలో బాపు షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి నేను వాకిట్లో తిరుగుతున్నాను.

"ఏందే బిడ్డా, వారంసంది పరేషాన్ల ఉన్నవు? బడిల ఎవలన్న ఏమన్న అన్నరా?"

అంతా చెప్పాను. ఫండు అంటే ఏమిటో బాపుకు పూర్తిగా అర్థం కాలేదు గాని మిగతాది అర్థమయింది. చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆమె అడిగింది, నువ్వు ఒప్పుకున్నవు. గది అయిపాయె. మా కాడ బాయిలర్ మీటర్ పలిగితె కొత్తది పెట్టేదాంక షిఫ్ట్ నడవనియ్యరు. సార్‌కు బాగలేకుంటే బాగలేదు గని, ఆయన సొమ్ము ఆయనకు తెల్వకుండ ఉండొద్దు. ఇగ పోయి చెప్పు."

"శనివారం చెప్త బాపు."

"శనివారం దాంక ఎందుకు?"

ఒక్కరోజయినా ఆలస్యం చెయ్యాలనిపించింది, అంతే.

శనివారం ఉదయమే బయలుదేరాను. రెండు ఫ్యాక్సులూ సంచిలో ఉన్నాయి. దారంతా మాటలు కూర్చుకున్నాను. గేటు తీసేసరికి ఆయన నడవడం లేదు. కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన కూర్చుని ఉండగా చూడడం నాకు అదే మొదటిసారి.

"మిషను బాగయిందా అమ్మాయ్?"

"ఇంక కాలే సార్" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఈనాటికీ తెలియదు. చెప్పాలనే వెళ్ళాను. కూర్చుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. అయినా అలవాటైన అబద్ధం ముందుగా బయటికొచ్చింది.

ఆయన తల ఊపారు. "నిన్న సాయంత్రం కాస్త ఓపికగా ఉంటే బస్టాండుదాకా నడిచాను. మిషను రెండు నెలలుగా ఒక్కరోజు కూడా చెడిపోలేదట. కాగితాలు చెల్లెలు పట్టుకెళ్ళిందని అతను చెప్పాడు."

సంచిలోంచి రెండూ తీసి బల్లమీద పెట్టాను. నా గ్రాఫు కాగితం కూడా వాటితోపాటు వచ్చింది. ఆయన ముందు దాన్నే చూశారు. ఎర్ర గీత నూటిని ఎక్కడ దాటి దిగిందో అక్కడ వేలు పెట్టారు. వేలు వణుకుతోంది. ఈసారి రెండో చేత్తో పట్టుకోలేదు.

"నీకు తెలుసన్నమాట" అన్నారు.

వంటింటి గుమ్మంలో ఆంటీ నిలబడి ఉంది. ఆమె మాట్లాడుతుందని ఎదురుచూశాను. ఆమె చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తూ ఉండిపోయింది. నేను చెప్పవచ్చు. "ఆంటీయే చెప్పమన్నది" అన్న రెండు మాటలు చాలు. ఎందుకో అనలేదు. మంచితనం కాదు అది. ఆమె అడగడం నిజమైనా, "సరే" అన్నది నేను. ఇందాకటి అబద్ధం ఎవరూ అడగకుండా ఆడింది కూడా నేనే.

"తప్పయింది సార్."

"డబ్బు సంగతి వదిలెయ్. నా చెయ్యి పోయిందని నీ చెయ్యి తెచ్చుకున్నాను. అది నాకు అబద్ధం చెబితే నేనేం చేసేది?" అన్నారు. గొంతు పెంచలేదు. "ఇక రానక్కర్లేదమ్మా."

ఆ తర్వాతి రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి. సాయంత్రాలు ఇంట్లో ఉండలేక నడిచేదాన్ని. ఒకరోజు బస్సెక్కి ఊరికే గగన్‌పహాడ్‌దాకా వెళ్ళి, మిల్లు గేటు బయట నిలబడి, బాపు వచ్చాక ఇద్దరం తిరిగి వచ్చాం. శనివారాలు బస్టాండు వైపు వెళ్ళేదాన్ని కాదు. అయినా కాళ్ళు అటే లాగేవి. ధర ఎంతో తెలియకపోవడం భరించలేకపోయేదాన్ని. పత్రికల్లో తూర్పు దేశాల వార్తలు ఇంకా చెడ్డగా వస్తున్నాయి.

మూడో వారం మా ఇంటి ముందు రిక్షా ఆగింది. దిగింది ఆంటీ. మా ఇంటికి ఆమె రావడం అదే మొదలు. అమ్మ కంగారుపడి కుర్చీ తుడిచి వేసింది. ఆమె కూర్చోలేదు.

"చెప్పేశానమ్మా" అంది నాతో. "ఆ రోజే చెప్పాలి. నోరు రాలేదు. ఆయన ఓడమీద ఉన్నన్నాళ్ళూ నేనొక్కదాన్నే ఇల్లు నడిపాను, ఎవరికీ భయపడలేదు. ఆ రోజు మాత్రం భయమేసింది. నువ్వు నా పేరు చెబుతావేమో అని చూశాను. నువ్వు చెప్పలేదు. దాంతో నాకు మరీ నోరు రాలేదు. నిన్న అన్నం వడ్డిస్తూ చెప్పాను."

"సార్ ఏమన్నరు?"

"పొద్దున లేచి, 'ఆ పిల్లను పిలుచుకురా' అన్నారు."

వెళ్ళాను. ఆయన ఫండులోని సగం యూనిట్లు అప్పటికే అమ్మించేశారు. నియమం చెప్పిన రోజు కంటే బాగా తక్కువకు అమ్మవలసి వచ్చింది. మిగతా సగం ఎందుకు ఉంచారో చెప్పలేదు. మొండితనం అనుకుంటాను. అల్మారా తెరిచి, పాత నోటు పుస్తకాలు తీసి నా ముందు పెట్టారు. ఓడమీద ఉన్నప్పటినుంచీ ఆయన రాసుకున్న ఆ రెండు ఫండుల ధరలన్నీ అందులో ఉన్నాయి.

"మన నియమం మంచిదో కాదో మనం ఎప్పుడూ పరీక్షించలేదు" అన్నారు. "మొదటినుంచీ చేసి చూడు. ఎక్కడెక్కడ అమ్మమంది, ఎక్కడ మళ్ళీ కొనమంది, చివరికి ఏమయ్యేది."

ఆ పనికి చలికాలమంతా పట్టింది. నేను కోరుకున్న జవాబు ఒకటుంది. నియమం పనికిమాలినది అని తేలాలి. అప్పుడు నా రెండు వారాల మౌనం వల్ల ఎవరికీ నష్టం లేదన్నమాట. లెక్క అలా తేలలేదు. పెద్ద పతనాలన్నిటిలోనూ ఎర్ర గీత ముందుగానే బయటపడమంది. అయితే ధర ఊరికే అటూ ఇటూ ఊగిన కాలాల్లో అది పదేపదే మోసపోయింది. కింద అమ్మించింది, పైన కొనిపించింది. అక్కడ మిగిల్చిన దాంట్లో చాలావరకు ఇక్కడ పోగొట్టింది. చిన్న కంపెనీలు కదా, ఒక నెల కదలకుండా పడుకుంటాయి, మరో నెల ఒక్కసారిగా లేస్తాయి. నీలం గీతతో పోల్చి చూస్తేనే కొంత నయం. చిన్నవి పడుతూ, పెద్దవి కూడా పడుతున్నప్పుడు సంకేతం నిజమయ్యేది ఎక్కువ.

చదివి వినిపించాను. ఆయన నవ్వారు. "అంటే, అవును అనీ కాదు, కాదు అనీ కాదు."

"అంతే సార్."

నా తప్పు పెద్దదో చిన్నదో ఆ నోటు పుస్తకాలు చెప్పలేకపోయాయి. చెబుతాయని అన్నాళ్ళు రాత్రింబవళ్ళు కూడికలు చేశాను.

1998 వేసవి ముందు నగరంలో ఖాతాలు చూసే ఒక కంపెనీలో నాకు ఉద్యోగం దొరికింది. రోజూ రెండు బస్సులు. శనివారం కూడా పని. సార్‌కు ఎలా చెప్పాలా అని వారం తిరిగాను. చెప్పగానే ఆయన వంటింటివైపు తిరిగి పిలిచారు.

"ఏమోయ్, ఇలా రా. గుడ్డపెట్టి చెయ్యి తుడుచుకుని రా."

ఆంటీ వచ్చింది. ఆయన ఎర్ర పెన్సిలు ఆమె ముందు పెట్టారు.

"నన్నా?" అంది ఆమె.

"దాచమన్నది నువ్వే కదా. ఇకనుంచి ముందు చూసేది నువ్వే. నాకు ఎప్పుడు చెప్పాలో కూడా నీ ఇష్టం. చెప్పడం మాత్రం మానొద్దు."

ఆమె కొంగు నడుముకు చెక్కుకుని కూర్చుంది. భాగహారం మరిచిపోయానంది గాని, పాతికేళ్ళు ఇల్లు నడిపిన మనిషి, పది నిమిషాల్లో నాకంటే వేగంగా చేసింది. మొదటి చుక్క పెట్టేటప్పుడు నాలుక పళ్ళమధ్య బిగబట్టింది. గీత వంకర పోయింది. నేను రబ్బరు తియ్యబోతే ఆయన వద్దన్నారు.

ఉద్యోగంలో చేరాక నెలకోసారి వెళ్ళేదాన్ని. ఆ శరదృతువులో ఫండు మళ్ళీ పడింది, ఆంటీ మాత్రం తొణకలేదు. తర్వాతి ఏడాదంతా ఎర్ర గీత ఎగబాకింది, కాగితం పైన ఇంకో కాగితం అతికించవలసి వచ్చింది. విమానాశ్రయం మన వైపే వస్తుందట అన్న మాట ఊళ్ళో మొదలైన రోజులవి. మంఖాల్‌దాకా భూముల బేరగాళ్ళు తిరుగుతున్నారు, అందరి మొహాల్లోనూ ఏదో తొందర. 1999 చివర్లో నేను వెళ్ళిన రోజు ఆంటీ మిగతా సగం అమ్మించేసిందని తెలిసింది. నియమం అమ్మమనలేదు. గీత నూటికి చాలా పైన ఉంది.

"ఎందుకమ్మిండ్రు ఆంటీ? ఇంక పోతుండె గద?"

"పోతోందమ్మా. ఆయన మళ్ళీ వరండాలో నడవడం మొదలుపెట్టారు" అంది ఆమె, పప్పు ఏరుతూ.

ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. అమ్మాక కూడా ధర పెరుగుతూనే ఉందని ఆయనకు తెలుసు. నాతో ఆ సంగతి ఎత్తి, ఆమె వంక చూసి, ఇంకేదో మాట్లాడారు. కోపం ఉంది, కాని కూర్చునే ఉన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు దొరకడానికి చాలా ఆలస్యమైంది. నిలబడ్డంతసేపూ ఆ వారం అంకె ఎంతయి ఉంటుందా అని మనసులో లెక్క కట్టుకుంటూనే ఉన్నాను. బూతు అన్న ఎదురుగా కనబడి చెయ్యూపాడు. రోడ్డు దాటి వెళ్ళి, అన్నా, ఆ రోజు నువ్వు నిజం చెప్పినందుకు నాకు కోపం లేదు అని చెబుదామనుకున్నాను. అంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను.